నెలకి 21 వేలు, నాలుగేళ్ళు: ఇంటి అప్పు, మామయ్య పాలసీ, బుల్లెట్ బండి... ఏది ముందు?

ఉద్దానం_కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది పలాస దగ్గర ఊరు. అగ్నివీర్‌గా ఆర్టిలరీకి (ఫిరంగి దళానికి) సెలెక్ట్ అయ్యాను. నాసిక్‌లో ట్రైనింగ్ అయిపోయింది, పోయిన వారమే కసమ్ పరేడ్ (ప్రమాణం చేసే పరేడ్) జరిగింది. ఇప్పుడు సెలవు మీద ఇంట్లో ఉన్నా. ఇంకో పద్దెనిమిది రోజుల్లో యూనిట్‌కి వెళ్ళాలి. (యూనిట్ పేరు, చోటు కూడా రాస్తే అడ్మిన్ గారు తీసేశారు. తప్పే, సారీ.)

నా సంగతి ఇది. చేతికొచ్చేది నెలకి 21 వేలు. ట్రైనింగ్‌లో ఖర్చు పెద్దగా లేదు, రెండుసార్లు ఇంటికి పంపాను, అయినా అకౌంట్లో 82 వేలు మిగిలాయి. జీవితంలో ఇంత డబ్బు ఒకేచోట చూడలేదు. అందుకే అడుగుతున్నా.

2018లో తిత్లీ తుఫానుకి మా జీడితోట మొత్తం పడిపోయింది. అప్పుడు నాన్న ఊళ్ళో ఒకాయన దగ్గర ప్రామిసరీ నోటు రాసి అప్పు చేశారు, నూటికి రెండు రూపాయల వడ్డీ. తర్వాత నన్ను అకాడమీలో చేర్చడానికి అదే నోటు మీద మరికొంత తెచ్చారు. ఇప్పుడది 1,20,000. అమ్మ గొలుసు బ్యాంకులో తాకట్టు ఉంది, అది వేరే.

మా మేనమామ పాలసీలు కట్టిస్తారు. మంచి ఉద్యోగం వచ్చింది కదా, 21 ఏళ్ళ పాలసీ కట్టు, ట్యాక్స్ కూడా మిగులుతుంది అంటున్నారు. బ్యాచ్‌లో నలుగురైదుగురు బుల్లెట్ బుక్ చేశారు. నాకూ ఉంది ఆశ, అబద్ధం చెప్పను. నాన్న మాత్రం ఏమీ అడగట్లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఏది ముందు చెయ్యాలో చెప్పండి.

గోల్కొండ_పాత_హవల్దార్:

ఏటి బావూ, పలాసా! మాది టెక్కలి పక్కే. నేనూ గన్నర్నే. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్, పదిహేడేళ్ళ సర్వీసు, హవల్దార్‌గా బయటికొచ్చాను. ముందుగా కంగ్రాట్స్. ఇప్పుడు కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నా ఉద్యోగానికీ నీ ఉద్యోగానికీ ఒక తేడా ఉంది. మామయ్యకి అది తెలీదు, బ్యాచ్‌వాళ్ళు మర్చిపోయారు. నేను చేరిన రోజున నాకు పదిహేనేళ్ళు పైన సర్వీసు, ఆ తర్వాత పెన్షన్ అని లెక్క. అందుకే మేం ఐదేళ్ళ లోను, ఇరవయ్యేళ్ళ పాలసీ తీసుకున్నా ఎలాగోలా ఈదేశాం. నీకు నాలుగేళ్ళు. ఆపైన ఉంచుకునేది నూటికి పాతిక మంది దాకానే. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. కాబట్టి నీ సర్వీసు దాటిపోయే ఏ వాయిదా మీదా సంతకం పెట్టకు. నేను ఇంకేం చెప్పినా ఇందులోంచి వచ్చేదే.

పాలసీ సంగతి చూడు. 21 ఏళ్ళు కట్టాలి, నీ జీతం నాలుగేళ్ళు. మిగతా పదిహేడేళ్ళు ఎవరు కడతారు, మామయ్యా? ట్యాక్స్ మిగులుతుంది అన్నాడు చూడు, అక్కడ నాకు నవ్వొచ్చింది. నీ ప్యాకేజీ మొదటి ఏడాది నెలకి 30 వేలు, అంటే ఏడాదికి 3,60,000. కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే పడదు. సేవా నిధికి (నెలనెలా కోసి నాలుగేళ్ళయ్యాక ఇచ్చే డబ్బు) వెళ్ళేదానికి పన్ను చట్టంలో 80సీసీహెచ్ కింద వేరే మినహాయింపు కూడా ఉంది. లేని పన్నుని ఎలా మిగులుస్తాడు? ఇక ప్రాణానికి భీమా కావాలంటే, సర్వీసులో ఉన్నన్నాళ్ళూ 48 లక్షల కవర్ ప్రభుత్వమే ఇస్తోంది, నీ జీతంలోంచి పైసా కట్ అవ్వదు. ఆ సంగతి మామయ్య చెప్పాడా?

సేవా నిధి లెక్క కూడా చేతివేళ్ళ మీద ఉండాలి. ఈ ఏడాది నెలకి 9,000 నీ జీతంలోంచి, 9,000 సర్కారు వైపు నుంచి. తర్వాత 9,900, ఆ తర్వాత 10,950, చివరి ఏడు 12,000. నాలుగేళ్ళకి నీ వాటా 5 లక్షల 2 వేలు, వాళ్ళదీ అంతే, వడ్డీతో కలిపి 11 లక్షల 71 వేలు అని చెప్పారు. మధ్యలో తీయడానికి లేదు. అసలు మెలిక ఇక్కడుంది బావూ: నిన్ను రెగ్యులర్‌లోకి తీసుకుంటే నీ చేతికొచ్చేది నీ వాటా, దాని వడ్డీ మాత్రమే. సర్కారు వాటా రాదు. నీ అంతట నువ్వు మధ్యలో మానేసినా అంతే. కాబట్టి 11 లక్షలు వస్తాయి కదా అని ఇప్పుడే స్థలానికి అడ్వాన్సు ఇప్పించే పెద్దమనుషులు ఊళ్ళో తయారవుతారు, నమస్కారం పెట్టి పంపెయ్. మా వైపు ఇప్పటికే మొదలైంది, ఆ డబ్బు చూపించి అప్పులిస్తామనేవాళ్ళు తిరుగుతున్నారు.

బుల్లెట్. 2008లో ఆరో వేతన సంఘం బకాయిలు 40 శాతం పడ్డప్పుడు నేనూ కొన్నాను బండి. నాకు ఏడాదికి 60 రోజుల సెలవు, పైన క్యాజువల్. మిగతా తొమ్మిది నెలలూ మా బావమరిది నడిపాడు. టైర్లు అతను అరగదీశాడు, వాయిదాలు నేను కట్టాను, సంబంధం కూడా ఆ బండి మీద వెళ్ళే చూసుకున్నాడు. నీకు ఏడాదికి 30 రోజులే సెలవు. రోజుకి ఎంత పడుతుందో నువ్వే భాగించుకో.

ఇప్పుడు అప్పు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. లక్షా ఇరవై వేలకి నెలకి 2,400 ఊరికే పోతోంది. 24 శాతం ఇచ్చే బ్యాంకు ఈ దేశంలో లేదు. అందుకని ముందు అదే. 82 వేలలో 12 వేలు దగ్గర ఉంచుకుని 70 వేలు రేపే కట్టించు. మిగిలేది 50 వేలు. యూనిట్‌కి వెళ్ళాక నెలకి 12 వేలు పంపితే ఐదో నెలలో నోటు చింపించొచ్చు, నేను కాగితం మీద వేసి చూశాను.

కానీ డబ్బు ఇచ్చి ఊరుకోకు. నోటు వెనకాల చెల్లు వేయించు. ఎంత కట్టావో, ఏ తారీఖో, ఆయన సంతకం. తిత్లీ నాటి నోటు అంటే మూడేళ్ళకోసారి తిరగరాసి ఉంటారు, వడ్డీ అసల్లో కలిసి ఉంటుంది. పాత నోట్లు వెనక్కి ఇచ్చారో లేదో నాన్నని మెల్లగా అడుగు. అడిగేటప్పుడు ఆయన చిన్నబుచ్చుకోకుండా చూసుకో.

నాయక్_ఇంకా_సర్వీసులో:

అన్నా, మీ మాట కాదనట్లేదు గానీ కుర్రాడికి ఇరవయ్యేళ్ళు. మొత్తం అప్పుకే పోస్తే పొదుపు అలవాటు ఎప్పుడవుతుంది? నెలకి రెండు వేలు షేర్ మార్కెట్ ఇండెక్స్ ఫండ్‌లో సిప్ (నెలనెలా కొంత వేయడం) పెట్టుకోమనండి. మా తరం అదే తప్పు చేసింది, అంతా పోస్టాఫీసూ, పాలసీలే.

తమ్ముడూ, యూనిట్‌కి వెళ్ళాక ఖర్చు ఎలా ఉంటుందో నేను చెప్తా. తిండి, బట్ట, బస ఉన్నాయి. ధోబీ, బార్బర్, సబ్బులు, రీఛార్జ్, సాయంత్రం వెట్ క్యాంటీన్‌లో సమోసా చాయ్, ఇవి కలిపి మూడు వేలు దాటకూడదు. దాటితే ఎక్కడో తేడా ఉందన్నమాట. నేను చూసినంతవరకు ఆ తేడా ఫోన్‌లోనే ఉంటుంది. మా దగ్గర ఒక జవాన్ రాత్రి డ్యూటీ దిగి వచ్చి దుప్పట్లో రమ్మీ ఆడేవాడు. మూడు నెలల జీతం, ఆపైన లోన్ యాప్‌లో 40 వేలు. 2025లో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధించింది, మన ఆంధ్రాలో అయితే 2020 నుంచే నిషేధం. అయినా లింకులు వస్తూనే ఉంటాయి. లోన్ యాప్ వాడు ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్ చేశాడు, అందులో మా పైన ఉండే సీనియర్ జేసీఓ సాబ్ నంబర్ కూడా ఉంది. మిగతాది ఊహించుకో.

పే స్లిప్ నెలనెలా ఆర్మీ వాళ్ళ హమ్‌రాజ్ యాప్‌లో తీసి చూసుకో. అలవెన్సు పడకపోయినా, ఎక్కువ పడినా వెంటనే క్లర్క్‌కి చెప్పు. ఎక్కువ పడిందని సంతోషపడకు, తర్వాత ఒకేసారి కోసేస్తారు.

గోల్కొండ_పాత_హవల్దార్:

నాయక్ తమ్ముడూ, సిప్ వద్దనలేదు. ఐదు నెలలు ఆగమంటున్నా. 24 శాతం అప్పు నెత్తి మీద పెట్టుకుని మార్కెట్లో 12 శాతం కోసం చూడ్డం, కుండకి చిల్లు ఉంచుకుని నీళ్ళు పట్టడమే. నోటు చిరిగిన నెల నుంచి అదే 12 వేలలో కొంత పెట్టుకోనీ. అదీ నాలుగేళ్ళలో కావాల్సిన డబ్బు కాకుండా ఉంటేనే. బయటికొచ్చాక డిగ్రీకో, దుకాణానికో కావాల్సిన డబ్బు మాత్రం ఆర్డీలో (నెలనెలా వేసే డిపాజిట్‌లో) ఉంటేనే నయం. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్ళది, గడువు లోపల తీస్తే మామూలు సేవింగ్స్ వడ్డీ 4 శాతమే ఇస్తారు. అందుకని బ్యాంకులో 36 నెలలకి వేసుకోమంటాను. నెలకి 4 వేలు వేస్తే అసలే 1,44,000.

రమ్మీ సంగతి నూటికి నూరు. ఇంకోటి కలుపుతాను, జామీను. ఇది ఎప్పుడూ ఎవరికీ రాయలేదు.

2004లో రాజస్థాన్‌లో ఉన్నాం. నా పక్క మంచం కుర్రాడు, వేరే రాష్ట్రం వాడు. ఒకే గన్ మీద డ్యూటీ, ఒకే ప్లేటులో తిన్నాం. చెల్లి పెళ్ళికి బ్యాంకు లోను తీసుకుంటున్నా, జామీను సంతకం పెట్టు అన్నాడు. చదవకుండానే పెట్టాను. చదివినా పెట్టేవాణ్ణేమో. మూడు నెలలకి ఛుట్టీ వెళ్ళాడు, తిరిగి రాలేదు. బ్యాంకు వాళ్ళు నా మీదికొచ్చారు. ఇరవయ్యారు నెలలు కట్టాను, చేతికొచ్చే జీతంలో దాదాపు మూడో వంతు. ఇంట్లో మా ఆవిడకి “డిడక్షన్లు పెరిగాయి” అని ఉత్తరాల్లో రాసేవాణ్ణి. సెలవుకి వెళ్ళినప్పుడు పాస్‌బుక్ చూసి ఏమీ అనలేదు, ఆ నెలరోజులూ కూరలో నూనె వెయ్యడం మానేసింది. ఇప్పటికీ మా ఇంట్లో “జామీను కూర” అనే మాట ఉంది.

పక్క మంచం వాడికి కష్టమొస్తే ఐదు వందలు చేతికియ్యి, రాకపోయినా పర్లేదనుకుని ఇయ్యి. సంతకం మాత్రం పెట్టకు.

ఆముదాలవలస_అక్క:

అన్నయ్య గారూ, మీ జామీను కూర చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు బాధేసింది.

తమ్ముడూ, మా ఆయన, మా మరిది ఇద్దరూ ఆర్మీయే. మా మరిది సెలవులో ఉన్నప్పుడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. బ్యాంకు అకౌంట్లో నామినీ గడి ఖాళీ. ఆ డబ్బు మా అత్తగారి చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అఫిడవిట్లు, ఆ పెద్దావిడ ఎండలో తహశీల్దారు ఆఫీసు మెట్ల మీద. నువ్వు సెలవులో ఉండగానే బ్యాంకుకి వెళ్ళి అమ్మనో నాన్ననో నామినీగా వేయించు. రికార్డుల్లో కూడా పేరు, స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా చూసుకో. మా అత్తగారికి ఒక్క అక్షరం తేడా వల్ల రెండు నెలలు అదనం. జీతం అకౌంట్ డిఫెన్స్ ప్యాకేజీలోకి మారిందా లేదా కూడా అడుగు, దానితో ప్రమాద భీమా వస్తుంది. మామూలు సేవింగ్స్‌గానే ఉండిపోతే రాదు.

ఇంటికి డబ్బు పంపేటప్పుడు ఒకటే తారీఖు, ఒకటే మొత్తం పెట్టుకో. ఒక నెల పదిహేను, ఒక నెల ఎనిమిది పంపితే ఇంట్లో వాళ్ళు పదిహేనుకే అలవాటు పడతారు. ఇది మా ఇంటి అనుభవం. నీ ఏటీఎం కార్డు ఇంట్లో ఇచ్చి రావద్దు, పిన్ను స్నేహితులకి చెప్పొద్దు. అనుమానంగా డబ్బు పోతే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చెయ్యాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

మిలటరీ క్యాంటీన్ కార్డు గురించి అన్నయ్య గారు రాయలేదు. ఊళ్ళో అడుగుపెట్టగానే ఒకరికి సీసా, ఒకరికి మిక్సీ కావాలి. “మీ డబ్బులే కదా ఇస్తాం” అంటారు. ఇవ్వరు.

ఉద్దానం_కుర్రోడు:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. హవల్దార్ అన్నా, అక్కా, నాయక్ అన్నా, ఒక విషయం మొదట దాచాను. సిగ్గేసి రాయలేదు.

పాలసీ ఆల్రెడీ అయిపోయింది. ట్రైనింగ్‌లో మాకు ఆదివారం మాత్రమే ఫోన్ ఇచ్చేవారు. ఒక ఆదివారం మామయ్య ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటే చెప్పాను. ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చేవాడు) పిలుస్తున్నాడు, కంగారులో ఉన్నా. నా అకౌంట్లోంచి ఆరు నెలల ప్రీమియం 27 వేలు వెళ్ళింది. ఆ 82 వేలు అది పోగా మిగిలినవి. పాలసీ కాగితాలు ఇంటికి తొమ్మిది రోజుల క్రితం వచ్చాయట. ఇప్పుడు ఏం చెయ్యలేమా?

గోల్కొండ_పాత_హవల్దార్:

తొమ్మిది రోజులేనా! బతికిపోయావు. పాలసీ కాగితం చేతికొచ్చిన నాటి నుంచి 30 రోజుల లోపు నచ్చలేదని వెనక్కి ఇచ్చెయ్యొచ్చు, దాన్ని ఫ్రీ లుక్ అంటారు. కాగితాల్లోనే ఆ పేరుతో ఒక పేరా ఉంటుంది, వెతుకు. స్టాంపు డ్యూటీ, అన్ని రోజుల రిస్కు ప్రీమియం, మెడికల్ చేయించి ఉంటే ఆ ఖర్చు, ఇవి కోసుకుని మిగతాది నీ అకౌంట్లో వేస్తారు.

ఏజెంటు చేతికి మాత్రం ఇవ్వకు. నువ్వే బ్రాంచికి వెళ్ళు. పాలసీ కాగితం, రద్దు చెయ్యమని నీ సంతకంతో ఉత్తరం, క్యాన్సిల్ చేసిన చెక్కో పాస్‌బుక్ జిరాక్సో. ఉత్తరం రెండు కాపీలు రాసి, రెండోదాని మీద ముద్ర, తారీఖు వేయించుకో. కవరు ఏ రోజు వచ్చిందో పోస్టల్ ముద్ర ఉంటుంది, ఆ కవరు పారెయ్యకు. “ఇప్పుడు కాదు, ఏడాది అయ్యాక సరెండర్ చెయ్యి” అంటారు, వినకు. అప్పుడు చేస్తే కట్టినదాంట్లో చాలా పోతుంది.

మామయ్యతో గొడవ పడకు. సర్వీసు నాలుగేళ్ళే కదా మామయ్యా, కట్టలేను అని చెప్పు. అది నిజమే.

ఇక ఓటీపీ. ఉస్తాద్ పిలిచినా, బ్రిగేడియర్ సాబ్ పిలిచినా చెప్పకు.

ఉద్దానం_కుర్రోడు:

ఇవాళ్టి సంగతి రాస్తున్నా. పొద్దున బ్రాంచికి వెళ్ళాను. అక్కడ మేడమ్ ఏజెంటుని తీసుకురమ్మన్నారు. పేరా చూపించాను, తీసుకున్నారు. రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నా. బ్యాంకులో అమ్మ పేరు నామినీగా వేశారు, అకౌంట్ నిజంగానే మామూలు సేవింగ్స్‌లో ఉంది అక్కా, డిఫెన్స్ ప్యాకేజీకి మార్చమని అర్జీ ఇచ్చాను.

మామయ్య సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు. అమ్మ కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత ఆమే మెల్లగా గొలుసు ఎప్పుడు విడిపిస్తావురా అని అడిగింది. నోటు అయ్యాక అన్నాను. బ్యాంకు వడ్డీ తక్కువ కదా, అది రెండోది. సరే అంది.

నాన్నతో కలిసి వెళ్ళి 70 వేలు కట్టాం. పాత నోట్ల సంగతి అడిగితే అప్పిచ్చినాయనే లోపల్నుంచి తెచ్చి ఇచ్చారు, రెండు ఉన్నాయి, 2018ది, 2021ది. నాన్న దారిలో వాటిని చొక్కా జేబులో పెట్టుకుని చేత్తో పట్టుకునే నడిచారు. ఇంటికొచ్చాక పొయ్యిలో వేశారు.

బుల్లెట్ బుక్ చెయ్యలేదు. షోరూమ్ దాకా వెళ్ళి చూసి వచ్చాను, అంతే.

ఇప్పటి నోటు వెనక చెల్లు ఫోటో పెడుతున్నా, పేర్లు చెరిపేశాను. “డెబ్బై వేలు ముట్టినవి” అని రాసి సంతకం పెట్టారు. తారీఖు వెయ్యలేదు. పర్లేదా అన్నా?

గోల్కొండ_పాత_హవల్దార్:

పర్లేదు కాదు. తారీఖు లేకపోతే వడ్డీ ఏ రోజు నుంచి తగ్గిందో రేపు ఆయన చెప్పిందే లెక్క అవుతుంది. ఇప్పుడే వెళ్ళు, ఇంకా పడుకుని ఉండరు.